డిపెండెంట్ దగ్గర రిటర్న్ రిజెక్ట్ అయిందా? ముందు పిల్లల్ని అడగండి

అమెరికాలో ఈ-ఫైల్ చేసిన (ఆన్‌లైన్‌లో పంపిన) ట్యాక్స్ రిటర్న్ డిపెండెంట్ దగ్గర, అంటే మీ మీద ఆధారపడ్డారని చూపించిన పిల్లల వివరాల దగ్గర, రిజెక్ట్ అయితే, చాలామంది ఏమీ మార్చకుండా మళ్లీ పంపేస్తారు. మళ్లీ రిజెక్టే వస్తుంది. దయచేసి ముందు ఆ మెసేజ్ పూర్తిగా చదవండి.

కోడ్ ఆర్0000-504-02 అయితే డిపెండెంట్ పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఒకదానితో ఒకటి కలవలేదని అర్థం. సోషల్ సెక్యూరిటీ కార్డు తీసి చూడండి. మనవాళ్లలో కొందరికి తండ్రి లాస్ట్ నేమ్ ఒకటి, పిల్లల కార్డు మీద ఇంటిపేరు ఇంకొకటి ఉంటుంది. కార్డు మీద ఉన్నట్టే కొట్టి పంపండి, వెళ్లిపోతుంది.

నంబరు వేరే రిటర్న్‌లో ఇప్పటికే ఉందని వస్తే, ఎవరో దొంగిలించారని టెన్షన్ పడతారు. నేను సరిచేసిన వాటిలో ఎక్కువసార్లు కారణం ఇంట్లోనే దొరికింది. కాలేజీ అబ్బాయి వేసవిలో ఇంటర్న్‌షిప్ చేస్తాడు. డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే జీతం ఫారం) రాగానే రీఫండ్ కోసం ఫోన్‌లోనే ఫైల్ చేసేస్తాడు. 'మిమ్మల్ని ఎవరైనా డిపెండెంట్‌గా చూపించుకోవచ్చా?' అని అడిగితే, జీతం వచ్చింది కదా అని 'లేదు' నొక్కుతాడు. ఇంట్లో చెప్పాలని అతనికి తోచదు. కానీ 24 ఏళ్లు నిండని ఫుల్‌టైమ్ స్టూడెంట్ తన ఖర్చులో సగానికి మించి తానే పెట్టుకోకపోతే, ఎంత సంపాదించినా సాధారణంగా మీ డిపెండెంటే. హాస్టల్లో ఉన్న కాలం కూడా మీ ఇంట్లో ఉన్నట్టే లెక్క.

రీఫండ్ వచ్చాక అబ్బాయి 1040-ఎక్స్ (సవరణ రిటర్న్) వేసి ఆ జవాబు మార్చాలి. జీతం తప్ప వేరే ఆదాయం లేకపోతే సాధారణంగా అతని ట్యాక్స్ మారదు. కాలేజీ ఖర్చులకిచ్చే అమెరికన్ ఆపర్చునిటీ క్రెడిట్ తీసుకుని ఉంటే మాత్రం వెనక్కి కట్టాలి. అర్హత ఉంటే 2,500 డాలర్ల దాకా వచ్చే ఆ క్రెడిట్ అడగాల్సింది మీరు.

సవరణ ప్రాసెస్ అవడానికి 8 నుంచి 12 వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా మీరు ఆగక్కర్లేదు. రిటర్న్‌లో మొదటి పేరు ఎవరిదో వాళ్లు ఐఆర్‌ఎస్ (ట్యాక్స్ శాఖ) ఆన్‌లైన్ అకౌంట్‌లో ఐపీ పిన్ (ఫైల్ చేసేది మీరేనని చూపే నంబరు) తీసుకుని పెట్టండి. డిపెండెంట్‌ను ముందే వేరేచోట చూపించినా, పిన్ ఉంటే 2025 సీజన్ నుంచి ఈ-ఫైల్ తీసుకుంటున్నారు. అప్పటికీ వెళ్లకపోతే పేపర్ రిటర్న్ పోస్ట్ చేయండి. విసిగిపోయి అబ్బాయి పేరు తీసేసి మాత్రం పంపకండి.

విడాకులైనవాళ్లు ఫారం 8332 (బిడ్డను డిపెండెంట్‌గా చూపించుకునే హక్కు రెండోవాళ్లకు వదిలే ఫారం) చూసుకోవాలి. నిజంగానే నంబరు దొంగిలిస్తే ఐఆర్‌ఎస్‌కు ఆ సంగతి తెలిపే ఫారం 14039. ఇవి అరుదు.

గడువులోపు పంపింది గడువు రోజునే రిజెక్ట్ అయితే, మళ్లీ ఈ-ఫైల్ చేయడానికి 5 రోజులు, పేపర్‌కైతే 10 రోజులు ఉంటాయి.