పిల్లి మీసాలు విరిగిపోతున్నాయా? మందు అడిగే ముందు కొన చూడండి

పిల్లి మీసాలు పొట్టిగా అయిపోయాయనో, ఒకవైపు మొత్తం పోయాయనో కంగారుపడి వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఏ సిరప్ పట్టాలి, ఏ నూనె రాయాలి, తిండి మార్చాలా అని. మిగిలిన మీసం కొన ఎలా ఉందో చూశారా అంటే మాత్రం చూడలేదంటారు. పిల్లి నిద్రమత్తులో ఉన్నప్పుడు కిటికీ వెలుతురులో పడుకోబెట్టి, మూతి పక్కన ముదురు రంగు గుడ్డ పెట్టి చూడండి. నిమిషం కూడా పట్టదు. చాలా కేసులు అక్కడే తేలిపోతాయి.

ఆరోగ్యంగా ఉన్న మీసం మొదట్లో లావుగా ఉండి, పోనుపోను సన్నబడి సూదిమొనలా ముగుస్తుంది. మూతికి ఒక్కో వైపు 12 దాకా, నాలుగు వరుసల్లో ఉంటాయి. కళ్ళ పైన, గడ్డం మీద, ముందుకాళ్ళ వెనకవైపు మణికట్టు దగ్గర కూడా కొన్ని ఉంటాయి. మామూలు వెంట్రుకతో పోలిస్తే మీసం కుదురు దాదాపు మూడు రెట్లు లోతులో ఉంటుంది. దాని చుట్టూ రక్తం నిండిన చిన్న తిత్తి, ఆ తిత్తి నిండా నరాలు. మీసంలో మాత్రం నరం లేదు. కొన ఎక్కడైనా తగిలి వంగితే ఆ కదలిక కుదురుకు తెలుస్తుంది, అక్కడి నుంచి మెదడుకు వెళ్తుంది. అందుకే మీసం పట్టుకుని లాగితే పిల్లికి బాగా నొప్పి, మధ్యలో తెగితే నొప్పే ఉండదు. ఈ సంగతి కాస్త కిందికి వెళ్ళాక పనికొస్తుంది.

నేల మీద ఒకటో రెండో మీసాలు దొరికాయి

మొదట్లో చిన్న ఉబ్బు, చివర సన్నటి కొన ఉంటే అది దానంతట అదే రాలిన మీసం. పాతది పోయి కొత్తది వస్తుంది. ఏమీ చేయక్కర్లేదు.

కొనలు ముడుచుకుపోయి, గోధుమరంగు తిరిగి, ముట్టుకుంటే పొడి అవుతున్నాయి

వేడి తగిలింది. మన ఇళ్ళలో గ్యాస్ స్టవ్ లేదా దేవుడి దగ్గర దీపం. మూతికి అడుగు లోపు ఉన్న వస్తువు పిల్లికి స్పష్టంగా కనిపించదు. ఆ దగ్గర చూపు పని మీసాలే చేస్తాయి. వాసన చూడ్డానికి వెళ్ళినప్పుడు మీసాలు ముందుకు చాస్తుంది, అప్పుడే మంట అంటుకుంటుంది. దీపానికి గాజు చిమ్నీ పెట్టండి, వంట జరిగేటప్పుడు వంటింటి తలుపు వేయండి. ముక్కు మీద, పెదవి మీద, అరికాళ్ళలో ఎరుపు గానీ బొబ్బ గానీ ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

అన్నీ ఒకే పొడవున, అడ్డంగా తెగి ఉన్నాయి

కత్తెర. ఇంట్లో చిన్నపిల్లలుంటే కోప్పడకుండా అడగండి, చెప్పేస్తారు. గ్రూమింగ్‌కు తీసుకెళ్ళి వచ్చాక ఇలా కనిపిస్తే, ఈసారి మీసాలు ముట్టుకోవద్దని ముందే చెప్పండి.

ఒక్కోటి ఒక్కో పొడవు, కొన నలిగి చీలినట్టు ఉంది, చర్మం మాత్రం శుభ్రంగా ఉంది

ఇదే అందరినీ తప్పుదారి పట్టించేది. క్యాల్షియం తక్కువైందని మందులు పట్టిస్తారు, తిండి మారుస్తారు, నెలల తరబడి ఎదురుచూస్తారు. మీసాలు మాత్రం మొండిగానే ఉంటాయి. ఎందుకంటే ఇంట్లో ఉన్న ఇంకో పిల్లి వాటిని కొరికేస్తోంది.

ఎక్కువగా తల్లి తన కూనలకు ఇలా చేస్తుంది. కలిసి పెరిగిన తోబుట్టువుల్లోనూ, ఒకదాన్ని ఇంకోటి అదేపనిగా నాకే పెద్ద పిల్లుల్లోనూ కనిపిస్తుంది. దొరకకపోవడానికి కారణం, ఇది దెబ్బలాటలో జరగదు, ముద్దులో జరుగుతుంది. ఒకటి ఇంకోదాని మెడ మీద కాలు వేసి, చెవులు నాకి, బుగ్గ నాకి, అలా మూతి దాకా వచ్చి పక్కపళ్ళతో మీసం పట్టి టక్కున కొరుకుతుంది. కింద పడుకున్నది కళ్ళు మూసుకుని గుర్రుపెడుతూనే ఉంటుంది. మీసంలో నరం లేదు కదా, లాగకుండా కొరికితే దానికి తెలియదు, గోల చేయదు. చూసేవాళ్ళకు ఎంత ప్రేమో అనిపిస్తుంది. పైగా ఇది ఎక్కువగా మనం నిద్రపోయాకే.

గుర్తుపట్టడానికి మొదట ఇంట్లో ఉన్న పిల్లులన్నిటి మీసాలూ ఒకేసారి చూడండి. ఒకదానికి మొండి ముక్కలు, పక్కదానికి నిండు మీసాలు ఉంటే కొరికేది దాదాపుగా ఆ నిండు మీసాలదే. కళ్ళ పైన ఉండేవీ చూడండి, నాకేటప్పుడు అవి కూడా పోతాయి. పాత ఫోన్ ఏదైనా ఉంటే అవి పడుకునే చోట వీడియో ఆన్ చేసి పెట్టండి. అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష విడిగా పడుకోబెట్టడం. కొన్ని వారాలపాటు రాత్రిళ్ళు, మీరు ఇంట్లో లేని వేళల్లో రెండిటినీ వేరువేరు గదుల్లో ఉంచండి. కొత్తగా వచ్చే మీసాలు సన్న కొనతో వచ్చి అలాగే నిలిస్తే, ఇంక మందుతో పనిలేదు.

తల్లి అయితే కూనలు పాలు మానే సమయానికి అలవాటు దానంతట అదే తగ్గుతుంది. తల్లి దగ్గర నుంచి తొందరపడి విడదీయకండి. మీసాలు మళ్ళీ వస్తాయి, తల్లి దగ్గర గడపాల్సిన రోజులు రావు. పెద్ద పిల్లులైతే కొరికేదానికి పని కల్పించాలి. పొద్దున, రాత్రి పడుకునే ముందు దారంతోనో ఈకతోనో అది అలసిపోయేదాకా ఆడించి, వెంటనే తిండి పెట్టండి. ఆట అయ్యాక దారం దాచేయండి, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. గిన్నెలు విడిగా ఉండాలి. లిట్టర్ బాక్సులు పిల్లులకంటే ఒకటి ఎక్కువ ఉండాలి. నాకడం మూతి దగ్గరికి వచ్చినప్పుడు చప్పట్లు కొట్టి భయపెట్టకండి, మధ్యలో బొమ్మ వేసి దృష్టి మళ్ళించండి. కొరికేది ఎప్పుడూ చేయనిది కొత్తగా మొదలుపెట్టిందంటే ఇంట్లో ఏం మారిందో ఆలోచించండి. ఇల్లు మారారా, కొత్త మనిషి వచ్చారా? పిల్లి టెన్షన్ ఇలా కూడా బయటపడుతుంది.

గిన్నెలోంచి తిండి బయటికి లాగి నేల మీద తింటోంది

మీసాలు గిన్నె అంచుకు తగిలి ఇబ్బంది పడుతోందని చెప్పి వెడల్పు ప్లేటు కొనేస్తారు. కొనండి, కొన్ని పిల్లులకు అదే ఇష్టం. కానీ ముందు నోరు చూడండి. పెదవి పైకెత్తితే చిగుళ్ళు ఎర్రగా ఉన్నాయా, నోరు కంపు కొడుతోందా, ఒకవైపే నములుతోందా? పంటి నొప్పికీ ఇదే లక్షణం. ప్లేటు మార్చి ఊరుకుంటే దాని నొప్పి అలాగే ఉండిపోతుంది.

అరుదైనవి

మీసాలు కుదుళ్ళతో సహా ఊడి, చర్మం మీద పొట్టు, గుండ్రటి మచ్చలు, దురద, పుండ్లు ఉంటే తామర, గజ్జి, అలర్జీ ఇలా ఏదైనా కావచ్చు. ఇవి ఇంట్లో తేల్చేవి కావు, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. తామర పిల్లి నుంచి మనుషులకూ అంటుకుంటుంది కాబట్టి చిన్నపిల్లల్ని దూరంగా ఉంచండి. కర్పూరం కలిపిన నూనె, టీ ట్రీ ఆయిల్ లాంటివి మూతికి రాయొద్దు. పిల్లి నాకి మింగుతుంది, అవి దానికి విషం.

మీసాలు తిరిగి వచ్చేదాకా

మామూలుగా రెండు మూడు నెలలు పడుతుంది. రెండు వైపులా సమానంగా కనిపించాలని మిగిలినవి కత్తిరించకండి. దానికి ఇప్పుడు దారి చూపేవి అవే. సందులోంచి దూరాలా వద్దా అని తేల్చుకోవడం, చీకట్లో గోడ ఎంత దూరమో పసిగట్టడం, నోట పట్టినదాన్ని చుట్టూ తడిమి చూసుకోవడం, అన్నిటికీ వాటినే నమ్ముకుంటుంది. కొన్నాళ్ళు సోఫా, మంచం జరపకండి. రాత్రి చిన్న లైటు ఒకటి వెలగనివ్వండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే వల లేని బాల్కనీలోకి అసలు వదలకండి. మూడు నెలలు దాటినా కొత్త మొలకలు కనిపించకపోతే, ఈలోపు తీసిన ఫోటోలు పట్టుకుని డాక్టర్‌ను కలవండి.