జర్మనీలో నార్డిక్ వాకింగ్ గుంపులో చేరేవాళ్లకు

జర్మనీలో పార్కుల్లో, అడవి బాటల్లో రెండు చేతులా కర్రలు పట్టుకుని గుంపుగా నడిచేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. మంచు లేని నెలల్లో స్కీయింగ్ ఆటగాళ్లు చేసే సాధన నుంచి ఫిన్లాండ్‌లో వచ్చిన ఈ నడకే నార్డిక్ వాకింగ్. 1997లో అక్కడి ఎక్సెల్ కంపెనీ దీనికోసమే తయారుచేసిన కర్రలు అమ్మకానికి పెట్టాక బయటి దేశాలకు పాకింది.

కర్రలు కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టినవాళ్లలో చాలామంది చేసేది మామూలు నడకే, అదనంగా కర్రలు మోయడం. ఈ నడకలో లాభమంతా కర్రతో నేలను వెనక్కి నెట్టడంలో ఉంది. ఆ నెట్టుడు పడుతోందో లేదో నడిచేవాళ్లకు తెలియదు, వెనకనుంచి చూసేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. గుంపులో చేరమనేది ముఖ్యంగా అందుకే. తోడు దొరకడం, నవంబరు చీకట్లో కూడా మానకుండా వెళ్లడం ఆ తర్వాతి లాభాలు.

నెట్టడం వస్తే ఒరిగేదేమిటి? అమెరికాలోని కూపర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 2002లో ప్రచురించిన కొలతల్లో, మామూలు నడక కంటే కర్రల నడకలో ఆక్సిజన్ వాడకం సగటున 20 శాతం ఎక్కువని తేలింది. కష్టం మాత్రం అంత ఎక్కువైనట్టు నడిచినవాళ్లకు అనిపించలేదు. భుజాలు, వీపు, చేతుల వెనక కండరాలు కూడా పనిచేయడమే కారణం. మోకాళ్ల మీద భారం మూడోవంతు తగ్గుతుందన్న ప్రకటనలను మాత్రం నమ్ముకోకండి. చదునైన నేల మీద కొలిచి చూసిన కొన్ని అధ్యయనాల్లో అలాంటి తగ్గుదల కనపడలేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లేటప్పుడు నిలకడకోసమని చెప్పండి, వైద్యమని చెప్పకండి.

చేరడానికి రెండు దారులున్నాయి. ఊళ్లోని క్రీడా సంఘం, అంటే ఫెరైన్, వారానికి ఒకటి రెండుసార్లు నడిపే గుంపు ఒకటి. దానికి సభ్యత్వ రుసుము కట్టాలి, చాలాచోట్ల మొదటి ఒకటి రెండుసార్లు ఊరికే వచ్చి చూడనిస్తారు. రెండోది 8 నుంచి 12 వారాల కోర్సు. కొత్తవాళ్లు కోర్సుతో మొదలుపెట్టడమే మేలు. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉన్నవాళ్లకు ధృవీకరణ పొందిన నివారణ కోర్సైతే, అంటే జబ్బులు రాకుండా చూసుకోవడానికి నడిపేదైతే, ఫీజులో కొంత లేదా ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. ముందు మనం కట్టి, సాధారణంగా 80 శాతం తరగతులకైనా హాజరై, చివర్లో ఇచ్చే పత్రాన్ని బీమా సంస్థకు పంపాలి. ఏడాదికి రెండు కోర్సుల వరకు ఇచ్చే సంస్థలే ఎక్కువ. ధృవీకరణ ఉందో లేదో పేరు రాయించుకునే ముందే అడగండి, అయిపోయాక అడిగితే లాభం లేదు. ప్రయాణ బీమాతో వచ్చిన తల్లిదండ్రులకు ఈ డబ్బు రాదు.

కర్రలు వెంటనే కొనకండి, మొదటి తరగతులకు చాలా గుంపులు అరువిస్తాయి. పొడవు లెక్క తేలికే: మీ ఎత్తును 0.66తో గుణించండి. 160 సెంటీమీటర్ల మనిషికి 105.6 వస్తుంది, 105 తీసుకోవాలి. రెండు కొలతల మధ్య పడితే కొత్తవాళ్లకు చిన్నదే నయం. పొడవెక్కువైతే భుజాలు పైకి లేచి మెడ పట్టేస్తుంది. ట్రెకింగ్ కర్రలు దీనికి పనికిరావు, వాటి పట్టీ వదులు ఉచ్చులా ఉంటుంది. నార్డిక్ కర్ర పట్టీ వేళ్లు లేని గ్లవ్‌లా చేతికి అతుక్కుంటుంది, కుడి ఎడమ వేరుగా ఉంటాయి. చెయ్యి తెరిచినా కర్ర జారిపోకూడదు.

ఇక నడక. మొదటి 50 మీటర్లు కర్రల్ని పట్టుకోకుండా, పట్టీకి వేలాడనిచ్చి నేల మీద ఈడ్చుకుంటూ మామూలుగా నడవండి. కుడికాలు ముందుకు పడినప్పుడు ఎడమచెయ్యి దానంతటదే ఊగుతుంది. ఆ ఊపు కుదిరాకే పిడిని మెత్తగా పట్టుకోవాలి. కర్ర మొన రెండు పాదాల మధ్య, వెనక్కి వాలి దిగాలి. ముందు పాదాన్ని దాటి మొన పడిందంటే అది నడకకు బ్రేకు. అక్కణ్ణుంచి పట్టీ మీద బరువు వేసి, చెయ్యి తుంటి దాటేదాకా నెట్టి, చివర్లో వేళ్లు తెరిచేయాలి. ముందుకొచ్చేటప్పుడు మళ్లీ మూయాలి. ఈ తెరిచి మూయడమే కొత్తవాళ్లు మరిచిపోయేది. పిడిని గట్టిగా పట్టుకునే ఉంటే మణికట్టు నొప్పెడుతుంది, చెయ్యి తుంటి దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో తప్పు, ఆలోచిస్తూ నడిచేసరికి ఒకే పక్క చెయ్యీ కాలూ కలిసి కదలడం. దిద్దుకోవాలని మధ్యలో కుస్తీ పడితే ఇంకా చిక్కుపడుతుంది. ఆగి, కర్రలు వదిలేసి, మళ్లీ ఈడ్పు నడకతో మొదలుపెట్టండి.

వేగానికి కొలత: మాట సాగాలి, పాట సాగకూడదు. పక్కవాళ్లతో మాట్లాడలేకపోతే ఆ గుంపు మీకు ఎక్కువ వేగమైందన్నట్టు, నెమ్మది జట్టు ఉందేమో అడగండి. మొహమాటపడి వెంట పరుగెత్తితే మొదట పాడయ్యేది మీ నడక తీరే. ముందువాళ్ల కర్రలు వెనక్కి లేస్తాయి కాబట్టి రెండు మీటర్ల దూరం ఉంచండి. సైకిల్ బాట మీదికి వెళ్లొద్దు. ఇన్సులిన్ లేదా షుగర్ తగ్గించే మాత్రలు వాడేవాళ్లు గ్లూకోజ్ బిళ్లలు జేబులో పెట్టుకుని, నడిపించేవాళ్లకు ముందే చెప్పాలి. అలవాటైన రోడ్డే కదా అనుకుంటారు గానీ, కర్రలతో ఖర్చయ్యే శక్తి ఎక్కువ, షుగర్ పడిపోవచ్చు.

తారు, సిమెంటు మీద మొనలకు రబ్బరు ప్యాడ్లు తొడగాలి, బూటు ముక్కులాంటి భాగం వెనక్కి తిరిగి ఉండాలి. తిరగేసి తొడిగితే ప్రతి అడుగుకీ జారుతుంది. మట్టి బాటలో, గడ్డిలో, గడ్డకట్టిన మంచు మీద ప్యాడ్లు తీసేసి లోహపు మొనతోనే నడవాలి. ప్యాడ్ ఎక్కడ అరుగుతోందో చూస్తే నెట్టుడు తీరు కొంత తెలుస్తుంది. అరిగిన ప్యాడ్ తీసుకెళ్లి నడిపించేవాళ్లకు చూపించండి.