వానకాలంలో ముంబై దీవులు చూడబోయే హైదరాబాదీలకు జాగ్రత్తలు

హుస్సేన్‌సాగర్‌లో బోటెక్కి బుద్ధ విగ్రహం దాకా వెళ్ళివచ్చిన అనుభవం మనలో చాలామందికి ఉంది. ఆ అనుభవంతోనే ముంబై సముద్రాన్ని అంచనా వేయడం హైదరాబాదు నుంచి వెళ్ళేవారి మొదటి పొరపాటని నా అభిప్రాయం. చెరువుకు ఆటుపోట్లు లేవు. ముంబై తీరంలోనైతే కొన్ని రోజుల్లో పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం దాదాపు 5 మీటర్ల తేడా పడుతుంది.

అందుచేత రైలు టిక్కెట్టు కొనేముందు పంచాంగంలో తిథి చూసుకోండి. పౌర్ణమి, అమావాస్య రోజుల్లో అక్కడ పెద్ద పోటు మధ్యాహ్నం 12 గంటల ప్రాంతంలోనూ, మళ్ళీ అర్ధరాత్రి ప్రాంతంలోనూ వస్తుంది. ఆపైన రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ, అష్టమి నాటికి ఉదయం, సాయంత్రం 6 గంటల దరిదాపులకు చేరుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే కనుక, ఆ రోజు కచ్చితమైన పోటు వేళను అక్కడి పత్రికలో సరిచూసుకోవాలి. హాజీ అలీ దర్గాకు వెళ్ళే సన్నని దారి పోటు వేళ మునిగిపోతుంది. దారి మీదికి నీరు ఎక్కడం మొదలైతే, ఒడ్డు కళ్ళెదుటే కనిపిస్తున్నా దిగి నడవకుండా, నీరు తీసేదాకా దర్గాలోనే ఆగండి.

ఎలిఫెంటాకు గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీ ఎక్కితే సుమారు గంట ప్రయాణం. సోమవారం గుహలకు సెలవు. జూన్ నుంచి నైరుతి గాలులకు అలలు లేస్తాయి కాబట్టి లాంచీలు వాతావరణాన్ని బట్టే నడుస్తాయి. ఆ రాత్రికే తిరుగు రైలు పెట్టుకుని దీవికి బయలుదేరవద్దు. సముద్రం నెమ్మదిగా ఉండే కాలంలో, 2024 డిసెంబరు 18న, నౌకాదళ వేగబోటు ఢీకొని ఎలిఫెంటా వెళ్తున్న ఫెర్రీ మునిగి 15 మంది మరణించారు. లైఫ్ జాకెట్టు చేతికి రాకముందే, ముఖ్యంగా పిల్లలకు సరిపడే కొలతది దొరకకముందే, లాంచీ ఎక్కకండి. గుహల దాకా 120 వరకూ మెట్లున్నాయి, వానకు జారుతాయి. చేతిలో తినుబండారాలుంటే కోతులు వదలవు. లాంచీలు ఆపేసిన రోజు నిరాశ పడనక్కర్లేదు: దీవికి ఆ పేరు తెచ్చిన రాతి ఏనుగు ఇప్పుడు బైకుల్లాలోని జిజామాతా ఉద్యానవనం దగ్గరే ఉంది.

ఇక నగరంలో నడిచి పాత తీరాన్ని చూడదలచినవారికి చరిత్రే హెచ్చరిక. 1668లో ఈస్టిండియా కంపెనీకి ఏడాదికి 10 పౌన్ల అద్దెకు దక్కినప్పుడు ముంబై ఏడు దీవులు: కొలాబా, చిన్న కొలాబా, బొంబాయి, మజగావ్, పరేల్, వర్లీ, మాహిం. వాటి మధ్య పాయలకు కట్టలు వేసి పూడ్చగా ఏర్పడిన నేల నేటికీ పల్లమే. జోరువాన, పెద్ద పోటు ఒకే సమయాన వస్తే కాలువల నీరు సముద్రంలోకి పోలేక హింద్‌మాతా వంటి చోట్ల వీధుల్లోనే నిలుస్తుంది. 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అలాంటి సూచన వెలువడిన రోజు బస వదలకండి. దారిలో చిక్కుకుంటే, మూత తీసిన మ్యాన్‌హోల్ నీటి కింద కనిపించదు కనుక, మెట్టనున్న దుకాణంలోనో స్టేషన్‌లోనో నిలబడి, పోటు తగ్గి నీరు తీశాకే కదలండి.