ఓట్స్ జావలా జారిపోతున్నాయా? గటకలా గట్టిగా, పలుకుగా రావాలంటే ఇలా చేయండి

బాపుకు (మా నాన్నకు) షుగర్ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఓట్స్ మొదలయ్యాయి. పొద్దున టిఫిన్‌కి ఓట్స్ పెట్టమని డాక్టర్ చెప్పారు, ప్యాకెట్ మీద ఎట్లా రాసి ఉందో అట్లాగే వండి గిన్నెలో పెట్టాను, బాపు ఒక చెంచా నోట్లో పెట్టుకుని "ఇది జరమొచ్చినోళ్లకు పోసే జావ బిడ్డా, నాకేమైందని" అని గిన్నె పక్కకు జరిపాడు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. మా హన్మకొండ వైపు పుట్టి పెరిగినవాళ్లకు జావ వేరు, గటక వేరు. ఒకటి తాగేది, ఇంకోటి మక్క నూకనో జొన్న నూకనో గట్టిగా వండి, చేత్తో కలుపుకుని తినేది. తాగేదాన్ని తెచ్చి కంచంలో పెట్టి తినమంటే ఎవరు తింటారు? అప్పటి నుంచి ఓట్స్‌ను గటక దారిలోకి తేవడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కడెక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో నాకు తెలిసినంత రాస్తున్నాను.

బంకబంకగా, చెంచా ఎత్తితే సాగుతూ వస్తుంటే

అందరికీ వచ్చే సమస్య ఇదే, కారణం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంటుంది, తూకంలో సుమారు 4 శాతం. వేడి నీళ్లు తగిలితే అది జిగురవుతుంది. గంటె పెట్టి తిప్పుతున్నకొద్దీ పలుకులు చిట్లి, లోపలి పిండి కూడా వచ్చి ఆ జిగురులో కలుస్తుంది, ఇంకేముంది, గిన్నెంతా ఒకటే బంక. మక్క నూకలో, జొన్న నూకలో ఈ జిగురు లేనట్టే. అందుకే గటకను తెడ్డుతో ఎంత కలియబెట్టినా ఏం కాదు. మనకు గటక అలవాటు కాబట్టి చెయ్యి ఊరుకోదు, ఓట్స్‌ను కూడా అట్లాగే తిప్పేస్తాం. ఓట్స్‌ను తిప్పకూడదు. ఈ ఒక్క అలవాటు మానుకోవడానికే నాకు వారం పట్టింది.

అట్లాగని ఆ జిగురు చెడ్డదేమీ కాదు, కొలెస్ట్రాల్‌కు మంచిదని చెప్పేది దాని గురించే. రోజుకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ లెక్కన గుండె జబ్బు ముప్పు తగ్గించవచ్చన్న మాట ప్యాకెట్ల మీద వేసుకోవచ్చని అమెరికాలో ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే ఒప్పుకుంది. కాబట్టి కొందరు చేసినట్టు నానబెట్టి, పిసికి, ఆ నీళ్లు పారబోయకండి. జిగురు పలుకులోనే ఉండిపోయేటట్టు వండితే చాలు.

నేను చేసే పద్ధతి ఇది. మందపాటి గిన్నెలో అర చెంచా నెయ్యి వేసి, ఒక గ్లాసు ఓట్స్ పోసి, సన్న మంట మీద నాలుగైదు నిమిషాలు వేయించాలి. మొదట పచ్చి పిండి వాసన వస్తుంది, తర్వాత కాసేపు ఏ వాసనా ఉండదు, ఆ తర్వాత ఉన్నట్టుండి మక్క పేలాలు వేయించినప్పటి లాంటి కమ్మటి వాసన మొదలవుతుంది. అంచులు లేత గోధుమ రంగుకు తిరిగి, గిన్నె ఊపితే గలగలమంటాయి. అప్పుడు దింపాలి. వేయిస్తే పలుకు పైన ఉన్న పిండి బిగుస్తుంది, నెయ్యి పూతలా పట్టుకుంటుంది, దాంతో నీళ్లు ఒక్కసారిగా లోపలికి పోవు, పలుకు చిట్లదు. ఇంకో గిన్నెలో గ్లాసుంపావు నీళ్లు ఎసరు పెట్టి, ఉప్పు వేసి, తెర్లుతున్నప్పుడు వేయించిన ఓట్స్ పోసి, ఒక్కసారి మాత్రం అడుగు నుంచి పైకి తిప్పి మూత పెట్టాలి. సన్న మంట మీద మూడు నిమిషాలు ఉంచి, పొయ్యి ఆపేసి, మూత తీయకుండా ఏడెనిమిది నిమిషాలు ఉమ్మగిల్లనివ్వాలి. అసలు ఉడికేది ఆ ఆవిరికే.

ఉడికిందో లేదో తెలియాలంటే ఒక పలుకు తీసి బొటనవేలితో నొక్కి చూడండి, అన్నం మెతుకు నొక్కి చూసినట్టే. మధ్యలో తెల్లటి చుక్క కనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు మూత పెట్టండి. పూర్తిగా నలిగి వేలికి అంటుకుంటే మరీ ఎక్కువైనట్టు, రేపు నీళ్లు కాస్త తగ్గించండి.

ఇవన్నీ చేసినా జావే అవుతుంటే

అప్పుడు మీ డబ్బా చూడండి. దుకాణాల్లో మూడు రకాలు దొరుకుతాయి. ఇన్‌స్టంట్ ఓట్స్ అంటే గింజను ముక్కలు చేసి, ఆవిరికి ఉడికించి, బాగా పల్చగా ఒత్తినవి, వేడి నీళ్లు తగలగానే కరిగిపోతాయి, వాటితో ఎంత జాగ్రత్తగా చేసినా పలుకు నిలవదు. షుగర్ ఉన్నవాళ్లకైతే ఇంకో కారణానికి కూడా అవి వద్దంటాను, తొందరగా అరిగి షుగర్‌ను తొందరగా పెంచుతాయి. రోల్డ్ ఓట్స్ అంటే నిండు గింజను ఆవిరి పట్టి ఒత్తినవి, మన దొడ్డు అటుకుల్లా ఉంటాయి, పైన చెప్పిన పద్ధతి వీటికే. మూడోది స్టీల్ కట్, ఒత్తకుండా గింజను రెండు మూడు ముక్కలుగా కోసినది, చూడ్డానికి గోధుమ నూకలాగే ఉంటుంది. గటకకు దగ్గరగా వచ్చేది ఇదే, బాపుకు చివరికి నచ్చింది కూడా ఇదే.

స్టీల్ కట్‌తో ఉన్న ఇబ్బంది ఏంటంటే పైన మెత్తబడి లోపల పలుకు పచ్చిగా మిగులుతుంది, తింటుంటే పళ్లకు తగులుతుంది. పెద్ద మంట పెడితే ఇట్లా అవుతుంది, లోపలికి నీళ్లు పోయేలోపే పైన జిగురు పట్టేస్తుంది. రాత్రే నానబెట్టండి, జొన్న నూక నానబెట్టినట్టే. పొద్దున ఆ నీళ్లతోనే పొయ్యి మీద పెట్టండి. గ్లాసుకు మొత్తం రెండున్నర గ్లాసుల నీళ్లు, సన్న మంట, పావుగంట, తర్వాత పది నిమిషాలు మూత. నానబెట్టకపోతే అరగంట దగ్గర నిలబడాల్సిందే, పొద్దున ఆఫీసుకు పోయేవాళ్లకు అది కుదరదు.

పైన నీళ్లు తేలి, అడుగున ముద్ద కడితే

రోల్డ్ ఓట్స్‌ను చల్లటి నీళ్లలో పోసి పొయ్యి మీద పెట్టి ఉంటారు. చల్లటి నీళ్లతో మొదలుపెడితే పలుకు మెల్లగా నానుతూ పిండిని వదులుతూ పోతుంది, పాయసంలా కావాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది, మనకు కాదు. ఎసరు తెర్లాకే పోయాలి. అప్పటికే చెడిపోయి ఉంటే కలపకండి, మూత తీసి సన్న మంట మీద నాలుగు నిమిషాలు వదిలేస్తే నీళ్లు ఇగిరిపోతాయి.

పాలు పోయగానే పల్చబడితే

పాలలో ఉడికించడం మానేయండి. అడుగంటుతుందన్న టెన్షన్‌తో తిప్పుతూనే ఉంటాం, తిప్పితే ఏమవుతుందో పైన చెప్పాను. నీళ్లతో గట్టిగా వండి, గిన్నెలో పెట్టుకున్నాక చుట్టూ వేడి పాలు పోసుకోండి, కలపకుండా అంచు నుంచి చెంచాతో తీసుకుని తినండి. మా ఇంట్లో పాలు ఎవరూ అడగరు, బాపుకు మజ్జిగ, పచ్చి ఉల్లిగడ్డ, పక్కన ఇంత మామిడికాయ తొక్కు ఉంటే చాలు, గటకకు ఏం కావాలో దీనికీ అదే.

ఓట్స్ ఉప్మా ముద్దయిపోతే

ఉప్మా రవ్వ కొలతతో నీళ్లు పోయడమే తప్పు. రవ్వకు రెండింతలో మూడింతలో పోస్తాం, వేయించిన రోల్డ్ ఓట్స్‌కు గ్లాసుకు ముప్పావు గ్లాసు చాలు. అది కూడా పోయకూడదు, చల్లాలి. పోపులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, క్యారెట్, పల్లీలు వేగాక ఓట్స్ వేసి, చేత్తో వేడి నీళ్లు చిలకరిస్తూ, ఒక నిమిషం మూత పెట్టి, మళ్లీ చిలకరించి, మళ్లీ మూత. ఇట్లా మూడుసార్లలో అయిపోతుంది. టమాటా వేసేవాళ్లు దాని నీరు పూర్తిగా ఇగిరేదాకా ఆగాలి, నేనైతే టమాటా మానేసి చివర్లో నిమ్మకాయ పిండుతాను.

గట్టిగానే వచ్చింది కానీ తినబుద్ధి కాకపోతే

గట్టిదనం ఒక్కటే ఉంటే ఐదో ముద్దకు విసుగొస్తుంది, పంటికి ఇంకేదో తగలాలి. వేయించి దంచిన పల్లీలు, నువ్వులు, లేదంటే సన్నగా తరిగిన పచ్చి కీరా. వీటిని ముందే కలిపితే మెత్తబడతాయి, తినేముందు చల్లుకోండి. ఉప్పు మాత్రం ఎసరులోనే పడాలి, పైన చల్లిన ఉప్పు పలుకు లోపలికి పోదు, చప్పగానే ఉంటుంది.

చేదుగా, పాత నూనె వాసనగా అనిపిస్తే అది వంట తప్పు కాదు, ఓట్స్ పాతబడ్డాయి. మిగతా ధాన్యాల కంటే వీటిలో కొవ్వు ఎక్కువ, మన వరంగల్ ఎండాకాలంలో పొయ్యి పక్కన అల్మారాలో పెడితే తొందరగా మక్కిపోతాయి. చిన్న ప్యాకెట్లు కొని, గాలి పోని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

చల్లారాక రాయిలా గడ్డకడితే

ఓట్స్ దించాక కూడా నీళ్లు పీలుస్తూనే ఉంటాయి, చల్లారినకొద్దీ పిండి బిగుస్తుంది. వెంటనే తినకుండా బాక్సులో పెట్టుకుని పోయేవాళ్లు నీళ్లు ఇంకో పావు గ్లాసు ఎక్కువ పోయండి. గడ్డకట్టినదాన్ని నీళ్లు పోసి మళ్లీ ఉడికించకండి, బంక అవుతుంది. నేను మిగిలినదాన్ని వేడి మీదే నూనె రాసిన స్టీలు డబ్బాలో గట్టిగా అదిమి ఫ్రిజ్‌లో పెడతాను. సాయంత్రానికి కత్తితో కోస్తే బిళ్లలుగా వస్తుంది. పెనం బాగా కాలాక చెంచా నూనె వేసి, బిళ్లలు పరిచి, నాలుగు నిమిషాలు అసలు ముట్టుకోకుండా వదిలేయాలి. ముందే తిప్పితే పెనానికి అంటుకుని విరుగుతాయి, ఎర్రగా కాలితే వాటంతటవే పెనాన్ని వదులుతాయి. పైన కరకర, లోపల మెత్తన. మొన్న ఎల్లిపాయ కారంతో పెడితే బాపు రెండు తిని, ఇంకోటి ఉందా అని వంటింట్లోకి వచ్చాడు.