ఊరకాకి ఏది, బొంతకాకి ఏది, కాకి కానిది ఏది?

విజయవాడలో ప్రకాశం బ్యారేజీ మీద ఏ నల్లపిట్ట వాలినా మనం కాకి అనే అంటాం. నిజానికి కాకి కుటుంబానికి చెంది, నల్లటి ఒళ్లు గల పక్షులు కృష్ణా, గుంటూరు ప్రాంతంలో రెండే: ఊరకాకి, బొంతకాకి.

ముందుగా మెడను చూడాలి. ఊరకాకికి నుదురు, నడినెత్తి, గొంతు నిగనిగలాడే నలుపులో ఉండగా, మెడ, రొమ్ము బూడిదరంగులో ఉంటాయి. ఈ బూడిదరంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. సింధు ప్రాంతపు కాకుల్లో బాగా లేతగానూ, శ్రీలంక కాకుల్లో ముదురుగానూ కనిపిస్తుంది. బొంతకాకి మెడ కూడా నలుపే. అయితే ఎండకు ఎదురుగా చూసినా, వానలో తడిసిన పక్షిని చూసినా బూడిదరంగు సరిగా తెలియదు కనుక, సూర్యుడు మన వీపు వెనుక ఉండేలా జరిగి, అది తల పక్కకు తిప్పేదాకా ఆగడం మంచిది.

మెడ తేల్చకపోతే ముక్కు తేలుస్తుంది. బొంతకాకి ముక్కు మొదట్లోనే లావుగా ఉండి, పై అంచు స్పష్టంగా వంపు తిరుగుతుంది. ఊరకాకి ముక్కు అంత బరువుగా కనిపించదు. బొంతకాకి కొంచెం పెద్దదే గాని, రెండూ పక్కపక్కన లేనప్పుడు పరిమాణాన్ని నమ్ముకోకూడదని నా అభిప్రాయం. అరుపు అంతకన్నా నయం: బొంతకాకిది లోగొంతుతో వచ్చే బొంగురు కూత, ఊరకాకిది సన్నటి కావుకావు. రెండూ రకరకాలుగా అరుస్తాయి కాబట్టి ఒక్క కూత విని తీర్పు చెప్పరాదు.

రైతుబజార్లలో, టిఫిన్ బండ్ల చుట్టూ ఎక్కువగా కనిపించేది ఊరకాకి. కొండపల్లి అడవి, కొండవీడు వంటి చెట్లున్న చోట్లకు వెళితే బొంతకాకి దొరుకుతుంది, మాంసం దుకాణాల దగ్గరికీ అది వస్తుంది. కృష్ణ ఒడ్డున పిండం కోసం దిగే కాకుల మెడనూ ముక్కునూ చాలా దగ్గరగా చూడవచ్చు. కాని అక్కడ కెమెరా ఎత్తడం మర్యాద కాదు.

ఇక కాకులు కానివి. మగ కోకిల ఒళ్లంతా నలుపే అయినా కన్ను ఎర్రగా, ముక్కు లేత ఆకుపచ్చగా, తోక పొడవుగా ఉంటుంది. కాకి గూట్లో పెరిగిన కోకిల పిల్లకు ఊరకాకి మేత పెడుతుండగా చూసినవారు దాన్ని కాకిపిల్లే అనుకోవడం సహజం. కరెంటు తీగ మీద కూర్చుని పురుగులు పట్టే పసులపోలిగాడు కాకి కన్నా బాగా చిన్నది, దాని తోక చివర రెండుగా చీలి ఉంటుంది. ఇటుకరంగు రెక్కలుంటే జెముడుకాకి. నీటిలో మునిగి లేచి రెక్కలు ఆరబెట్టుకుంటే నీటికాకి.

బొంతకాకి ఫొటోకు ఫోన్లలోని యాప్‌లు ఒక్కోసారి రావెన్ (కాకి కుటుంబంలోనే మరో పెద్ద నల్లపక్షి) అని పేరు చూపవచ్చు. రావెన్ మన దేశంలో వాయవ్య ప్రాంతపు పొడి నేలల్లోనూ, హిమాలయాల ఎత్తుల్లోనూ ఉంటుంది. ఎగిరేటప్పుడు దాని తోక చివర మేకులా కోసుగా సాగి, గొంతు కింద ఈకలు చెదిరి వేలాడతాయి. గుంటూరులో తీసిన ఫొటోకు ఆ పేరు వస్తే బొంతకాకి అనే రాసుకోవచ్చు.