సెమీ-హాలో గిటార్‌కు కొత్త పికప్‌లు – 3వ పాఠం: ఎఫ్-హోల్ గుండా వైరింగ్

పోయిన పాఠంలో పికప్‌లు, అంటే స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతపు చుట్టలు, ఎంచుకున్నాం. ఈసారి వాటిని లోపలికి ఎక్కించాలి. మొత్తం పనిలో ఓపిక ఎక్కువ కావలసింది ఇక్కడే.

లెస్ పాల్ లాంటి నిండు చెక్క గిటార్‌కైతే వెనక మూత విప్పగానే పాట్‌లన్నీ (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) ఎదురుగా ఉంటాయి. మన గిటార్‌కు ఆ మూత లేదు. 1958లో గిబ్సన్ ఈఎస్-335 తెచ్చినప్పుడు, ఫీడ్‌బ్యాక్ (ఆంప్ ధ్వని గిటార్‌ను కదిలించి వచ్చే కూత) తగ్గేందుకు నడిమిన మేపుల్ దిమ్మ పెట్టి రెండు పక్కలా బోలుగా వదిలేసింది. ఎపిఫోన్ డాట్‌దీ అదే కట్టు. అందుకే నాలుగు పాట్‌లు, పికప్ మార్చే స్విచ్, కేబుల్ పెట్టే జాక్ అన్నీ ఎఫ్-హోల్‌లోంచే, అంటే పైచెక్కలోని ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచే, బయటికి రావాలి, మళ్లీ అందులోంచే లోపలికి పోవాలి.

స్ట్రింగ్స్ తీసేయండి. బ్రిడ్జ్, టెయిల్‌పీస్ ఊడిపడి పాలిష్‌కు దెబ్బ తగులుతుంది కాబట్టి వాటిని కూడా తీసి పక్కన పెట్టండి. ఎఫ్-హోల్ అంచు పల్చని ప్లైవుడ్, చిన్న తగులుకే పెచ్చు లేస్తుంది. దాని చుట్టూ మాస్కింగ్ టేప్ అంటించండి.

ఇప్పుడు అసలు కిటుకు. నాబ్‌లు పీకాక, నట్టు విప్పక ముందే ప్రతి పాట్ కాడకూ ఒక గట్టి నైలాన్ దారం బిగించి కట్టండి. స్విచ్‌కూ అంతే. జాక్ నోట్లో సన్నటి పెన్సిల్ ముక్క బిగుతుగా దూర్చి దానికి కట్టండి. దారం రెండో కొస పైనే ఉండాలి, దాని మీద టేప్ వేసి ఏది ఏమిటో రాయండి: నెక్ వాల్యూమ్, బ్రిడ్జ్ టోన్, ఇలా. ఆ తర్వాతే నట్టు విప్పి పాట్‌ను లోపలికి జారనివ్వండి. దారం లేకుండా వదిలితే తర్వాత పని బావిలో పడ్డ చేదను పాతాళ గరిగెతో వెతికినట్టే. దారానికి బదులు కాడ మీద బిగుతుగా పట్టే అక్వేరియం గాలి గొట్టం ముక్క తొడిగినా బాగానే నడుస్తుంది.

అన్నీ వదులయ్యాక ఎఫ్-హోల్‌లోంచి ఒక్కొక్కటే మెల్లగా లాగండి. టెయిల్‌పీస్ స్టడ్‌కు వెళ్లే ఎర్త్ వైరు సన్నగా ఉంటుంది, అది తెగకుండా చూడండి. బయటికొచ్చిన హార్నెస్‌ను (పాట్‌లు, స్విచ్, జాక్, వాటి వైర్ల గుత్తిని) ఫోటో తీసుకుని, పాత పికప్ వైర్లను సోల్డర్ కరిగించి విడదీయండి. పాత వైరు కొసకు కూడా దారం కట్టి, అప్పుడు పికప్‌ను పైనుంచి లాగండి. దిమ్మలోని సన్నటి రంధ్రం గుండా దారం దానంతట అదే వెళ్తుంది, అదే దారంతో కొత్త వైరును ఇవతలికి లాక్కోవచ్చు. కొత్త వైరు ఎఫ్-హోల్ బయటికి నాలుగు వేళ్లయినా రావాలి. పొట్టిగా ఉంటే ముందే అతుకు వేసి హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగండి.

సోల్డరింగ్‌కు ముందు ఒక పరీక్ష తప్పనిసరి. మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్‌ల దగ్గర పెట్టి, పికప్ రెండు వైర్లకూ ప్రోబ్‌లు తగిలించండి. పాతకాలపు గిబ్సన్ పీఏఎఫ్ తరహా హంబకర్ (రెండు చుట్టల పికప్) అయితే 7 నుంచి 9 మధ్య చూపిస్తుంది. స్క్రూడ్రైవర్ లోహాన్ని పికప్ మీద ఆనించి చటుక్కున ఎత్తండి, అంకె ఒక్క క్షణం పైకో కిందికో కదులుతుంది. ప్రోబ్‌లు మార్చకుండా రెండో పికప్‌కూ అదే చేయండి. రెండూ ఒకే వైపు కదిలితే సరే. చెరొక వైపు కదిలితే స్విచ్ మధ్యలో పెట్టినప్పుడు ధ్వని పీలగా, ముక్కుతో పలికినట్టు వస్తుంది. నాలుగు వైర్ల పికప్ అయితే హాట్ (సిగ్నల్ మోసేది), ఎర్త్ వైర్లను తారుమారు చేస్తే చాలు, తొడుగు లేని రాగి తీగ మాత్రం ఎర్త్‌లోనే ఉండాలి. అల్లిన జాలీ వైరు ఉన్నదాన్ని అలా తిప్పడం కుదరదు, ఆ జాలీయే ఎర్త్. అప్పుడు లోపలి అయస్కాంతం తిప్పాలి.

వైర్ల రంగులు అన్ని కంపెనీలకూ ఒకటి కావు. సేమూర్ డంకన్‌లో నలుపు హాట్, తెలుపు ఎరుపు కలిపి అతకాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలపాలి. ఆకుపచ్చ రెండింటిలోనూ ఎర్త్‌కే. పికప్‌తో వచ్చిన కాగితమే ప్రమాణం.

పాట్ వీపు మీద సోల్డర్ పట్టాలంటే కనీసం 40 వాట్ల ఐరన్ కావాలి. 25 వాట్లది పెట్టి అరగంట రుద్దితే పాట్ లోపలి ట్రాక్ మాడిపోతుంది తప్ప అతుకు గట్టిపడదు. అతుకు మెరుస్తూ చుట్టూ పరుచుకోవాలి, ఉండలా నిలబడితే మళ్లీ వేడి చేయండి. చేయి పెట్టాం కాబట్టి పాత పాట్‌లు 500కే (500 కిలో ఓమ్‌లు) కంటే తక్కువవైతే ఇప్పుడే మార్చండి. హంబకర్ మీద 250కే పెడితే పై స్వరాల మెరుపు పోతుంది, దానికోసమేగా ఈ శ్రమంతా! కొనే ముందు మాత్రం పాట్ ఎఫ్-హోల్‌లో పడుతుందో, కాడ పైనున్న రంధ్రంలో దూరుతుందో కొలవండి. ఆసియాలో తయారైన చాలా గిటార్‌ల రంధ్రాలు 8 మిల్లీమీటర్లే.

హార్నెస్ ఇంకా బయట ఉండగానే కేబుల్ పెట్టి ఆంప్ ఆన్ చేయండి. స్క్రూడ్రైవర్‌తో ఒక్కో పికప్ తడుతూ స్విచ్ మూడు చోట్లా, నాలుగు పాట్‌లూ తిప్పి వినండి. ఇక్కడ తేడా వస్తే అయిదు నిమిషాల పని, లోపలికి పంపాక తెలిస్తే మొదటికొచ్చినట్టే.

ఎఫ్-హోల్‌కు దూరంగా ఉండేవి ముందు పంపండి. దారం లాగుతూ, రెండో చేత్తో వైర్లు మెలిపడకుండా తోయండి. నట్టు బిగించేటప్పుడు కాడను గుడ్డ చుట్టిన ప్లయర్‌తో పట్టుకోకపోతే పాట్ లోపల గిర్రున తిరిగి అతుకులు తెంపుతుంది. స్ట్రింగ్స్ వేశాక వాటిని తాకితే హమ్ తగ్గాలి. తగ్గకపోతే టెయిల్‌పీస్ స్టడ్‌కు వెళ్లే ఆ ఎర్త్ వైరు సంగతి చూడండి.

వచ్చే పాఠంలో పికప్ ఎత్తు సరిచేద్దాం. అప్పటిదాకా చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ప్రతి పికప్‌కూ లావు స్ట్రింగ్ నుంచీ సన్న స్ట్రింగ్ నుంచీ ఎంత దూరమో మిల్లీమీటర్లలో రాసి ఉంచుకోండి.