కొత్త కారు: పూజ దశమికి, చూపు నాలుగు రోజుల ముందే

దసరాకి కారు తీసుకుందామనుకునేవాళ్లు నెల ముందునుంచే షోరూముల చుట్టూ తిరుగుతుంటారు. రంగు, మోడలు, డిస్కౌంటు, పాత బండికి ఎంత కడతారు, అన్నీ మాట్లాడుకుంటారు. చేతికొచ్చే బండిని ఎవరు, ఎప్పుడు, ఏ వెలుతురులో చూడాలన్నది మాత్రం మాట్లాడుకోరు. మా ఇంట్లోనూ మాట్లాడుకోలేదు.

మా తమ్ముడు ఒక విజయదశమి సాయంత్రం వెండి రంగు కారు ఇంటికి తెచ్చాడు. ఆ రోజు షోరూములో కుటుంబాలు వరసలో నిలబడ్డాయి. ఒక్కొక్కరికీ పావుగంట: దండ, రిబ్బను, తాళంచెవి, ఫొటో. తొమ్మిదో రోజు వాకిట్లో కారు కడుగుతుంటే పడమటి ఎండ ఏటవాలుగా పడింది. ఎడమవైపు వెనక డోరు ఒక్కటే కాస్త ముదురుగా కనిపించింది. దగ్గరికెళ్లి చూస్తే రంగులోని వెండి రేణువులు ముందు డోరులో ఉన్నంత సన్నగా లేవు. డోరు తెరిచి, రబ్బరు బీడింగు మడతను గోటితో విప్పి చూశాను. నల్లటి రబ్బరు మీద విబూది చల్లినట్టు వెండి తుంపర. ఫ్యాక్టరీలో బాడీకి ముందు రంగు వేసి, తర్వాతే రబ్బర్లు బిగిస్తారు. రబ్బరు మీద తుంపర పడిందంటే, బిగించాక ఎక్కడో మళ్లీ రంగు వేశారన్నమాట.

షోరూముకి వెళ్తే మేనేజరు గారు మా తమ్ముడు సంతకం పెట్టిన కాగితం తీసి చూపించారు. ‘వాహనాన్ని క్షుణ్ణంగా సరిచూసుకుని మంచి స్థితిలో అందుకున్నాను’ అని ఉంది. ఆ ఒక్క వాక్యం ముందు మా తుంపర నిలబడలేదు. రెండు నెలలు తిరిగితే ఒక ఉచిత సర్వీసు ఇచ్చి పంపారు. నాన్న రిటైరయ్యాక వచ్చిన డబ్బులో సగం ఆ కారులో ఉంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను: ముహూర్తం దశమికే పెట్టుకోండి, కానీ బండిని చూసే రోజు కనీసం మూడు నాలుగు రోజులు ముందుండాలి.

పండగ రోజుల్లోనే ఈ జాగ్రత్త ఎందుకంటే, మన దగ్గర కార్ల డెలివరీ పంచాంగం ప్రకారం నడుస్తుంది. ఆషాఢంలో చాలామంది తీసుకోరు. దసరాకి ముందొచ్చే మహాలయ పక్షాల్లో అసలే తీసుకోరు. కానీ ఫ్యాక్టరీ ఆగదు, లారీలు ఆగవు. ఊరి బయట స్టాక్ యార్డులో బండ్లు వానకి తడుస్తూ, ఎండకి ఎండుతూ, పక్కబండికి జానెడు దూరంలో నిలబడి ఉంటాయి. పాడ్యమి రాగానే అన్నీ ఒక్కసారిగా కదులుతాయి. 2025లో ఇది మరీ ఎక్కువైంది. చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిన సెప్టెంబరు 22నే శరన్నవరాత్రులూ మొదలయ్యాయి. తగ్గింపు వస్తుందని ఆగస్టు నుంచీ ఆగినవాళ్లంతా ఒకేసారి వచ్చారు. అలాంటి తొక్కిడిలో గీత పడ్డ బండికి గబగబా టచప్ చేసి వరసలో పెట్టేసే అవకాశం ఎక్కువ. మొత్తం షోరూములన్నీ మోసగాళ్లని కాదు, పని తొందరది.

గీతలు ఎక్కడ పడతాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి వచ్చేది దగ్గరి దారే. హర్యానాలోని మానేసర్ నుంచి హైదరాబాదుకి వచ్చేది పదిహేను వందల కిలోమీటర్లు దాటుతుంది. కంటైనరు లారీలో ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ బంపరు కింది అంచు, సైడు పలకల కింది భాగం గీసుకుంటాయి. డ్రైవరు ఇరుకులో దిగుతూ డోరు తీస్తే, ఆ అంచు ఇనుప గోడకి తగిలి పెచ్చు లేస్తుంది. యార్డులో చెట్టు కింద పెడితే జిగురు, పక్షి రెట్టలు. ఎండలో ఎండిన రెట్ట పై పూతను తినేస్తుంది, కడిగినా మచ్చ పోదు. చివరగా, షోరూములో మురికి గుడ్డతో పొడిగా తుడిచినప్పుడు పడే సాలెగూడు లాంటి సన్న గీతలు. నల్ల కారు తీసుకునేవాళ్లకు అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేవి ఇవే.

ఇక చూసే పద్ధతి. పగలే వెళ్లండి, పొద్దున తొమ్మిదిలోపు గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ. నడినెత్తి ఎండలో సొట్ట కనపడదు, ఏటవాలు వెలుగులోనే కనపడుతుంది. షోరూము దీపాల కింద చూసి సరిపెట్టుకోవద్దు, అవి కారు మెరవడానికే పెట్టినవి. బండి కడిగి, ఆరి ఉండాలి. వాన చినుకులు ఉన్న కారు మీద ఏ గీతా కనపడదు. ‘సార్, టెఫ్లాన్ కోటింగ్ చేయించి ఉంచాం’ అంటే మీరు చూడకముందు చేయించవద్దని ముందే చెప్పి ఉంచండి. కోటింగుకి ముందు పాలిష్ పడుతుంది. ఆ పాలిష్ కింద ఏముందో తర్వాత తేల్చుకోవడం కష్టం.

నిలబడి కాదు, కూర్చుని చూడాలి. హెడ్‌లైటు దగ్గర గొంతుక్కూర్చుని, బండి పక్కంతా పొడుగునా ఒక కన్నుతో చూడండి, వడ్రంగి చెక్క వంకర చూసుకున్నట్టు. పక్కనున్న కరెంటు స్తంభమో, గోడ అంచో ఆ పలకల్లో ప్రతిబింబిస్తుంది. ఆ ప్రతిబింబం తిన్నగా సాగితే సరే, ఒకచోట అల్లాడినట్టు వంగితే అక్కడ సొట్టో, సొట్టను పూడ్చిన పుట్టీయో ఉంది. తర్వాత అరచేయి పైనుంచి కిందికి మెల్లగా నడపండి. గరుకుగా తగిలితే పక్కన రంగు వేసినప్పుడు పడ్డ తుంపర కావచ్చు.

ఎక్కడెక్కడ అంటారా? నాలుగు డోర్ల అంచులు, డిక్కీ లోపలి మూలలు, పెట్రోలు మూత లోపల, బీడింగు మడతలు. బానెట్ ఎత్తి ఫెండర్లను, అంటే ముందు చక్రాల పైనుండే పలకలను, పట్టి ఉంచే బోల్టుల తలలు చూడండి. స్పానరు పడ్డ చోట రంగు ఊడి ఉంటే, ఆ పలక విప్పినట్టు అనుమానించాలి, కారణం అడగాలి. రెండు వైపులా పలకల మధ్య సందులు సమానంగా ఉన్నాయా అని వేలు పెట్టి పోల్చండి. అన్ని అద్దాల మీదా కంపెనీ ముద్ర సాధారణంగా ఒకటే ఉంటుంది. ఒక్క అద్దం మీద వేరే ముద్ర ఉంటే ఎందుకని అడగండి.

ఒకచోట మాత్రం తొందరపడి గొడవ పెట్టుకోవద్దు. బంపరు ప్లాస్టిక్, డోరు ఇనుము. రెంటికీ రంగు వేరువేరుగా వేస్తారు కాబట్టి వెండి, ముత్యపు తెలుపు రంగుల్లో బంపరుకీ ఫెండరుకీ కొద్దిపాటి తేడా ఫ్యాక్టరీ నుంచే రావచ్చు. డోరుకీ డోరుకీ మధ్య తేడా ఉంటే అది వేరే సంగతి. రంగు మందం కొలిచే మీటరు దొరికితే ఇంకా మంచిది. తెలిసిన టింకరింగ్ మేస్త్రీ దగ్గరో, పాత కార్లు కొనిపెట్టేవాళ్ల దగ్గరో ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది. ఒక్క పలక మీద 250, 300 చూపిస్తే రెండోసారి రంగు పడినట్టే, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉన్నట్టే. అది ఇనుప పలకల మీదే పనిచేస్తుంది, బంపరు మీద పెట్టి కంగారుపడకండి.

ఒంటితో పాటు వయసు కూడా చూడాలి. కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం ఫారం 22లో ఛాసిస్ నంబరు (బండి గుర్తింపు సంఖ్య), తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. బండి మీద కొట్టిన 17 అక్షరాల నంబరుతో అది కలవాలి. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి: 2325 అంటే 2025లో 23వ వారం. నాలుగు టైర్లూ దగ్గర దగ్గరి వారాలవే అయి ఉండాలి. ఓడోమీటరు పదుల్లో ఉండాలి, వందల్లో కాదు.

వీటన్నిటికంటే ముఖ్యం ఎప్పుడు చూడాలన్నది. ఇన్‌వాయిస్ కొట్టి, ఇన్సూరెన్స్ చేసి, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) నంబరు పడ్డాక ఆ ఛాసిస్ మీ పేరు మీదికి వచ్చేస్తుంది. ఇక దాన్ని ఇంకొకరికి కొత్తదిగా అమ్మలేరు, అందుకే మార్చి ఇవ్వమంటే ఎవరూ ఒప్పుకోరు. అంతకుముందైతే ‘ఇది వద్దు, ఇంకొకటి చూపించండి’ అనడానికి మీకు పూర్తి అవకాశం ఉంటుంది. బుకింగ్ రోజే మెయిల్‌లో రాసి ఉంచండి: ఛాసిస్ నంబరు కేటాయించాక, రిజిస్ట్రేషనుకి ముందు, యార్డులో బండి చూస్తాను, చూశాకే మిగతా డబ్బు. లోను తీసుకుంటే బ్యాంకు మేనేజరు గారికీ చెప్పండి, మీరు ఊ అనేదాకా షోరూముకి డబ్బు వేయవద్దని. ‘పండగ రద్దీ సార్, యార్డుకి పంపడం కుదరదు’ అంటారు. కుదురుతుంది. ఒక పూట వెనకా ముందూ అవుతుంది, అంతే.

డెలివరీ రోజు మళ్లీ ఒక చుట్టు తిరిగి, ఆపకుండా ఒకే వీడియో తీయండి. నంబరు ప్లేటుతో మొదలుపెట్టి బండి చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే రావాలి. గీత కనపడితే డెలివరీ కాగితం మీద, సంతకం కంటే పైన, చేత్తో రాయండి: ఏ పలక, ఎంత పొడవు, ఎన్ని రోజుల్లో ఏం చేసిస్తారు. వాళ్ల సంతకం కూడా తీసుకోండి. చిన్న పెచ్చుకి టచప్ చాలు, దానికి బండి వదులుకోనక్కర్లేదని నా అభిప్రాయం. పలక మొత్తం రంగు వేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు, వేరే బండి అడగండి. కొందరు ‘మీ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ పెట్టి చేయించేద్దాం’ అంటారు. మీ చేతికి రాకముందు జరిగిన నష్టం మీది కాదు. ఆ క్లెయిముతో వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనసు పోతుంది.

ఇంటికొచ్చాక కనపడితే? అదే రోజు ఫొటోలతో షోరూముకీ, కంపెనీకీ ఇద్దరికీ మెయిల్ పెట్టండి. ఫోను మాటలకు విలువ లేదు. ఇద్దరికీ అని ఎందుకన్నానంటే, గోవాలో 2009లో తయారైన కారును 2011 మోడలుగా అమ్మిన వ్యవహారం సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. డీలరు చేసింది కంపెనీకి తెలుసని రుజువు కానిదే కంపెనీని బాధ్యులను చేయలేమని కోర్టు 2021లో చెప్పింది. మెయిల్ వెళ్లాక కంపెనీ తెలియదనడం కష్టమవుతుంది. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయండి, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 50 లక్షల లోపు ధర చెల్లించినవి అక్కడే వింటారు, మీరు నివాసమున్న జిల్లాలోనే వేయొచ్చు, గడువు రెండేళ్లు.

అమెరికాలో ఉన్న మనవాళ్లూ ఇది తమకు పట్టనిదని అనుకోకండి. 1990లో అలబామాలో ఒక డాక్టరు దాదాపు 40,750 డాలర్లకు కొత్త బీఎండబ్ల్యూ కొన్నాడు. తొమ్మిది నెలల తర్వాత పాలిష్ చేసే మనిషి చెబితేగానీ, దానికి ముందే తిరిగి రంగు వేశారని తెలియలేదు. మరమ్మతు ఖర్చు ధరలో 3 శాతం లోపుంటే డీలరుకు కూడా చెప్పకపోవడం అప్పట్లో ఆ కంపెనీ పద్ధతి. ఈ రంగుకు అయింది 601 డాలర్లు. ఆ కేసు వాళ్ల సుప్రీంకోర్టుదాకా వెళ్లింది, 1996లో తీర్పు వచ్చింది.

చివరిగా పూజ గురించి, ఎందుకంటే ఇన్ని పరీక్షలు నెగ్గిన బండికి మొదటి గీత గుడి ముందే పడటం నేను చూశాను. కొబ్బరికాయ బండికి దూరంగా, నేల మీద కొట్టించండి. హారతి పళ్లెం బంపరుకి ఆనించవద్దు. పసుపు, కుంకుమ బొట్లు బానెట్ మీద రాత్రంతా ఉంచకుండా, సాయంత్రానికల్లా నీళ్లు పోసి కడిగేయండి, పొడి గుడ్డతో రుద్దవద్దు. బొట్టు పెట్టేది ఉంగరపు వేలితో కాబట్టి, అమ్మనో అత్తయ్యనో ఆ నిమిషానికి ఉంగరం తీసి కొంగున కట్టుకోమనండి.